రేవులు మూసేస్తే నావలో ఉన్నవాళ్ళ ఆరోగ్యం ఏం కావాలి?

ప్రశ్న: మా పెద్దబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. వయసు ముప్ఫై ఎనిమిది. రెండేళ్ళ నుంచి బి.పి.కి మాత్ర వేసుకుంటున్నాడు. ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, ఇద్దరు స్నేహితులతో కలిసి తెరచాప పడవలో పనామా కాలువ దాటి, తాహితి, ఫిజీ మీదుగా న్యూజిలాండ్ దాకా వెళ్తానంటున్నాడు. ఆ స్నేహితుల్లో ఒకతను చక్కెర జబ్బుకు ఇన్సులిన్ తీసుకుంటాడట. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇలాంటి పడవల్ని ఏ దేశమూ రానివ్వలేదనీ, కొందరు నెలల తరబడి నీళ్ళ మీదే ఉండిపోయారనీ మా మరిది చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మళ్ళీ అలాంటి మహమ్మారి వస్తే వీళ్ళ గతి ఏమిటి? వాణ్ణి మానిపించమంటారా?
- ఒక గృహిణి, కాకినాడ

జవాబు: అమ్మా, మీ భయం అర్థం లేనిది కాదు. అయితే మానిపించమని నేను చెప్పను. ఇలాంటి ప్రయాణాలు మన పిల్లలకు కొత్తేమీ కాదు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు 'తారిణి' అనే తెరచాప నావలో బయలుదేరి, 254 రోజుల్లో భూగోళాన్ని చుట్టి 2018 మే నెలలో తిరిగి వచ్చారు. వారిలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. ఆ నావ పొడవు 55 అడుగులు. దారిలో వాళ్ళు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్ దీవులు, దక్షిణాఫ్రికాలలో ఆగారు. చుక్కాని యంత్రం పాడైతే మారిషస్‌లోనూ ఆగవలసి వచ్చింది. ఆగిన ప్రతిచోటా మంచినీళ్ళు, కూరలు, మరమ్మతులు, డాక్టర్లు దొరికారు. అదే ప్రయాణం రెండేళ్ళు ఆలస్యంగా మొదలై ఉంటే ఆ రేవుల్లో ఎన్ని తెరుచుకునేవో చెప్పలేం. చిన్న నావకు రేవు ఎంత అవసరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

కాబట్టి మీ అబ్బాయి వెళ్ళాలా వద్దా అని కాక, రేవు దొరకని రోజు వస్తే తట్టుకునే ఏర్పాటు ఉందా లేదా అని ఆలోచించాలి. ముందు 2020లో ఏం జరిగిందో చెబుతాను. అది తెలిస్తే ఏ జాగ్రత్త ఎందుకో తేలికగా బోధపడుతుంది.

2020లో జరిగినదేమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కరోనాను మహమ్మారిగా ప్రకటించింది. ఆ నెలాఖరుకు చాలా దేశాలు సరిహద్దులు మూసేశాయి. విమానంలో ఉన్నవాడు కొన్ని గంటల్లో ఎక్కడో ఒకచోట దిగుతాడు. తెరచాప పడవ సంగతి అలా కాదు. గలాపగోస్ దీవుల నుంచి మార్కెసాస్ దీవులకు సుమారు మూడు వేల నాటికల్ మైళ్ళు. మూడు నాలుగు వారాల ప్రయాణం. మధ్యలో గడ్డిపరకంత నేల ఉండదు. గాలి వెనకనుంచి వీస్తుంది కాబట్టి వెనక్కి తిరిగి రావడమూ చాలా కష్టం. బయలుదేరేటప్పుడు తెరిచి ఉన్న రేవు, చేరేసరికి మూసి ఉంది.

తాహితి ప్రాంతపు అధికారులు, వచ్చిన నావలన్నీ పపీటే రేవుకు చేరాలనీ, మనుషులు విమానమెక్కి స్వదేశాలకు వెళ్ళడం మంచిదనీ చెప్పారు. నావే ఇల్లుగా బతికేవాళ్ళు ఇంటిని లంగరు వేసి వదిలి ఎలా వెళ్తారు? చాలామంది నావల్లోనే ఉండిపోయారు. దీనికి తోడు తుపానుల భయం ఒకటి. దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం. ఆ కాలంలో నావలు న్యూజిలాండ్‌కు పోయి తలదాచుకోవడం రివాజు. ఆ దేశం 2020 జూన్ 30 నుంచి విదేశీ నావలకు సముద్రపు సరిహద్దును కూడా మూసేసింది. తుపాను కాలం వస్తోందన్న కారణం ఒక్కటే చాలదంటూ చాలా అర్జీలు తిరస్కరించింది.

ఇంకో జంట కథ వినండి. 2020 ఫిబ్రవరి చివర వీళ్ళు కెనరీ దీవుల నుంచి అట్లాంటిక్ దాటడానికి బయలుదేరారు. చెడ్డ వార్తలేవీ మాకు పంపవద్దని ఇంట్లోవాళ్ళకు చెప్పి మరీ వెళ్ళారు. ఇంట్లోవాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. ఇరవై అయిదు రోజుల తర్వాత కరీబియన్ దీవుల దగ్గరకు వచ్చేసరికి అనుకున్న రేవు మూసి ఉంది. అప్పటికి గాని లోకం ఎలా తలకిందులైందో వాళ్ళకు తెలియలేదు. ఆమె ఇటలీ దేశస్థురాలు కావడంతో మరో చిక్కు వచ్చింది. ఈ మధ్య మేం ఇటలీ వెళ్ళలేదని నావలోని యంత్రం నమోదు చేసిన దారిని చూపించి, చివరికి సెయింట్ విన్సెంట్‌లో దిగగలిగారు.

రోజుల లెక్క

ఇక్కడ వైద్యం చెప్పేది జాగ్రత్తగా గమనించండి. అంటురోగపు క్రిమి ఒంట్లో ప్రవేశించిన తర్వాత లక్షణాలు కనిపించడానికి కొంత కాలం పడుతుంది. దీన్ని పొదిగే కాలం అంటారు. ఫ్లూకు ఒకటి నుంచి నాలుగు రోజులు. కలరాకు కొన్ని గంటల నుంచి అయిదు రోజులు. ఆటలమ్మకు పది నుంచి ఇరవై ఒక్క రోజులు. 2020లో వచ్చిన కరోనాకు రెండు నుంచి పద్నాలుగు రోజులని లెక్క వేశారు. పద్నాలుగు రోజుల క్వారంటైన్ అలా వచ్చింది.

క్వారంటైన్ అనే మాట పుట్టిందే ఓడల వల్ల. ఇప్పుడు దుబ్రోవ్నిక్ అని పిలిచే రగూసా నగరం 1377లో ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవారిని ముప్ఫై రోజులు బయట ఉంచింది. తర్వాత అది నలభై రోజులైంది. ఇటాలియన్ భాషలో నలభైని క్వరాంటా అంటారు. ఆ లెక్కే పేరుగా మిగిలింది.

ఇరవై అయిదు రోజులు నడిసముద్రంలో ఉండి, అందరూ ఆరోగ్యంగా రేవు చేరిన ఇద్దరు మనుషులు రేవులో ఉన్నవారికంటే ప్రమాదం తక్కువ ఉన్నవారు. వాళ్ళ క్వారంటైన్ సముద్రం మీదే అయిపోయింది. ఈ లెక్కను ఫిజీ గుర్తించింది. 2020 జూన్‌లో 'బ్లూ లేన్' అనే పద్ధతి పెట్టింది. బయలుదేరే ముందు పరీక్ష చేయించుకుని, నేరుగా డెనరావు రేవుకు రావాలి. సముద్రం మీద గడిపిన రోజులు పద్నాలుగులో కలుస్తాయి. తక్కువైన రోజులు నావలోనే ఉండి, మళ్ళీ పరీక్ష చేయించుకుని దిగవచ్చు. దేశానికీ రక్షణ, నావికుడికీ దారి దొరికాయి.

దీవుల భయం ఉత్తది కాదు

అలాగని రేవులు మూసినవాళ్ళందరూ నిర్దయులని తిట్టడమూ న్యాయం కాదు. ఆ దీవులు ఓడల వల్ల చాలా చూశాయి. 1875లో ఒక బ్రిటిష్ ఓడ ద్వారా ఫిజీకి తట్టు వ్యాధి వచ్చింది. అక్కడివారికి అది అంతకుముందు తెలియని జబ్బు. సుమారు 40,000 మంది చనిపోయారు. అందుకే 1879లో 'లియోనిడాస్' అనే ఓడ కలకత్తా నుంచి మన దేశపు కూలీలతో, లోపల కలరా, మశూచితో ఫిజీ చేరినప్పుడు వాళ్ళను ఊళ్ళోకి రానివ్వకుండా పక్కనున్న చిన్న దీవిలో ఉంచారు. ఫిజీలో భారతీయుల చరిత్ర క్వారంటైన్‌తోనే మొదలైంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్ళిన కూలీలలో తెలుగువారూ ఉన్నారు. వాళ్ళ మునిమనవలు నేటికీ అక్కడ ఉన్నారు.

1918లో ఆక్లండ్ నుంచి 'టలూన్' అనే ఓడ పశ్చిమ సమోవాకు ఫ్లూ తెచ్చింది. జనాభాలో ఐదోవంతు మంది పోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా ఓడల్ని ఆపి కట్టుదిట్టం చేసింది. అక్కడ ఫ్లూతో ఒక్కరూ చనిపోలేదు. ఈ రెండు దీవుల కథ పసిఫిక్‌లో అందరికీ తెలుసు.

మరొక సంగతి. రోజుల లెక్క అన్నివేళలా సరిపోదు. 2020లో అర్జెంటీనా చేపల ఓడ 'ఎచిజెన్ మారు' సిబ్బందిని పద్నాలుగు రోజులు హోటల్లో విడిగా ఉంచి, పరీక్షలో రోగం లేదని తేలాకే పంపారు. ముప్ఫై అయిదు రోజులు సముద్రం మీద గడిపాక చూస్తే 61 మందిలో 57 మందికి కరోనా ఉంది. మనుషులు ఎక్కువ ఉన్న ఓడలో జబ్బు ఒకరి తర్వాత ఒకరికి పాకుతూ, లక్షణాలు లేనివారిలో దాక్కుని, ఎన్ని రోజులైనా సాగవచ్చు. ఇద్దరు ముగ్గురున్న నావలో అలా సాగే అవకాశం తక్కువ. అందుకే రోజులతో పాటు పరీక్ష కూడా అవసరం.

విడిగా ఉంచడం వేరు, వెలివేయడం వేరు

మశూచి ఉన్న రోజుల్లో మన ఇళ్ళలో గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఈ ఇంట్లో అమ్మవారు పోసింది, లోపలికి రావద్దని దాని అర్థం. కాని ఇరుగుపొరుగు వీధి అరుగు మీద మజ్జిగ చెంబు పెట్టి వెళ్ళేవారు. రోగి గదిలోకి వెళ్ళకూడదు. రోగికి తిండి మాత్రం వెళ్ళాలి.

ఓడలకూ ఇలాంటి గుర్తే ఉంది. పరదేశపు రేవు చేరిన నావ పసుపు జెండా ఎగరేస్తుంది. మావాళ్ళందరూ ఆరోగ్యంగా ఉన్నారు, రేవులోకి అనుమతి ఇవ్వండి అని దాని అర్థం. ఆ అనుమతి వచ్చేదాకా ఎవరూ దిగకూడదు. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు కూడా ఉన్నాయి. 2005లో ఆమోదించిన ఆ నిబంధనల ప్రకారం ఆరోగ్య కారణాల మీద నావను రేవుకు రాకుండా ఆపకూడదు. ఆ రేవులో తగిన వసతి లేకపోతే దగ్గరలోని మరో రేవుకు పంపవచ్చు. మనుషుల్ని దింపకపోయినా అధికారుల పర్యవేక్షణలో ఇంధనం, నీళ్ళు, ఆహారం ఎక్కించుకోనివ్వాలి.

2020లో ఈ మాట అన్నిచోట్లా చెల్లలేదు. హువాన్ మాన్యుయెల్ బయెస్తెరో అనే అర్జెంటీనా నావికుడు తొంభై ఏళ్ళ తండ్రిని చూడాలని, విమానాలు లేక, 2020 మార్చి 24న పోర్చుగల్‌కు చెందిన పోర్తో శాంతో దీవి నుంచి 29 అడుగుల పడవలో ఒంటరిగా బయలుదేరాడు. దారిలో కేప్ వెర్డీ దీవుల్లో ఆహారం, ఇంధనం కోసం ఆగుతానంటే అనుమతి ఇవ్వలేదు. ఉన్నదానితోనే సరిపెట్టుకుని 85 రోజులకు జూన్ 17న మార్ దెల్ ప్లాతా చేరాడు. అక్కడ పరీక్ష చేయించుకుని, రోగం లేదని తేలాకే నేల మీద అడుగుపెట్టాడు. ఇంటికి వెళ్ళి తండ్రిని కలిశాడు. తండ్రి కోసం సముద్రం దాటినవాడు తండ్రి కోసమే పరీక్షకూ ఆగాడు.

ఇది దూరదేశాల ముచ్చటే కాదు. అదే ఏప్రిల్‌లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వేరావళ్ రేవులో చిక్కుకుని పడవల్లోనే కాలం గడిపారు. తర్వాత బస్సుల్లో ఇళ్ళకు చేరారు.

మీ అబ్బాయి చేసుకోవలసిన ఏర్పాట్లు

మందులు: ప్రయాణానికి ఎన్ని నెలలు అనుకుంటే దానికి రెట్టింపు కాలానికి మాత్రలు ఉండాలి. రెండు భాగాలు చేసి, నీళ్ళు చొరని రెండు డబ్బాల్లో నావలో రెండు చోట్ల పెట్టాలి. మాత్రలను అట్టల నుంచి విప్పకూడదు. కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు, మోతాదు రాసిన డాక్టరు చీటీ ఇంగ్లీషులో ఉండాలి. నిద్రమాత్రలు, కొన్ని దగ్గు మందులు కొన్ని దేశాల్లో నిషేధం. చీటీ లేకపోతే చిక్కు. బి.పి. మాత్రలు అయిపోయాయని ఒక్కసారిగా ఆపేస్తే, కొన్ని రకాల విషయంలో బి.పి. ఉన్నదానికంటే పైకి ఎగబాకుతుంది. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బి.పి. మాత్ర వాడుతుంటే, సముద్రపు వాంతులప్పుడు ఒంట్లో నీరు మరీ తగ్గిపోయే ప్రమాదం ఉంది. మీ అబ్బాయి ఏ మాత్ర వాడుతున్నాడో మీరు రాయలేదు. ఈ ప్రయాణం సంగతి చెప్పి ఇప్పుడే తన డాక్టరుతో మాట్లాడుకోమనండి.

ఇన్సులిన్: తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. గడ్డ కట్టకూడదు. వాడకంలో ఉన్న సీసా మామూలు గది వేడిలో సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. ఏ రకానికి ఎన్నాళ్ళో పెట్టె మీద ఉంటుంది. నావలో చిన్న ఫ్రిజ్ ఉన్నా బ్యాటరీ చచ్చిపోతే ఏమిటన్నది ముందే ఆలోచించాలి. తడిగుడ్డ ఆరుతూ చల్లబరిచే సంచులు దొరుకుతాయి. మన మట్టికూజా చేసే పనే అవి చేస్తాయి. ఆ స్నేహితుడికి ఇన్సులిన్ ఒక్క వారం లేకపోయినా ప్రాణం మీదికి రావచ్చు. రేవు మూసేస్తే అధికారులకు మొట్టమొదట చెప్పవలసిన విషయం అదే. మొహమాటపడి దాచకూడదు.

నీళ్ళు: తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు లెక్క వేసుకోవాలి. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం ఉన్నా, అది పాడైతే సరిపోయేన్ని నీళ్ళు వేరే డబ్బాల్లో ఉండాలి. ఎంత దాహమైనా సముద్రపు నీళ్ళు తాగరాదు. లీటరులో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాన్ని బయటకు పంపడానికి మూత్రపిండాలు తాగినదానికంటే ఎక్కువ నీటిని ఖర్చు చేస్తాయి.

ఆహారం: కూరగాయలు, పండ్లు రెండు మూడు వారాల్లో అయిపోతాయి. విటమిన్ సి లేకుండా నెలలు గడిస్తే చిగుళ్ళు వాచి రక్తం కారే స్కర్వీ జబ్బు వస్తుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు పన్నెండు మంది రోగులకు రకరకాల చికిత్సలు చేసి చూస్తే, నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. మీరు మీ అబ్బాయికి పెసలు, ఉసిరిక పొడి ఇచ్చి పంపండి. పెసలను తడిగుడ్డలో కట్టి మొలకలెత్తిస్తే నడిసముద్రంలో కూడా తాజా కూర దొరికినట్టే. విటమిన్ సి మాత్రలు కూడా ఉండాలి. నిమ్మకాయ ఊరగాయ రుచికే. బి.పి. మనిషికి దాని ఉప్పు మంచిది కాదు.

వాంతులు: సముద్రపు వికారం చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. లోపలి గదిలో పడుకోకుండా పైన కూర్చుని, నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండాలి. మాత్ర వేసుకుంటే బయలుదేరడానికి గంట ముందే వేసుకోవాలి. అవి మత్తునిస్తాయి కాబట్టి కాపలా వంతులో ఉన్నవాడు వేసుకోకూడదు. వాంతులు ఆగకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలగొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి గుక్కగుక్కగా తాగించాలి.

పళ్ళు, చర్మం: బయలుదేరే ముందే పళ్ళ డాక్టరుకు చూపించాలి. రేవు మూసి ఉన్నప్పుడు పుప్పిపన్ను నొప్పికి మించిన నరకం లేదు. ధనుర్వాతం టీకా వేయించుకోవాలి. ఉప్పునీటితో తడిసిన బట్టలతో గంటలు కూర్చుంటే పిరుదుల మీద సెగగడ్డలు లేస్తాయి. రోజుకు ఒక్క చెంబు మంచినీళ్ళతోనైనా ఒళ్ళు తుడుచుకుని పొడిబట్టలు కట్టుకోవాలి.

డాక్టరు సలహా: నడిసముద్రంలో రేడియో, ఉపగ్రహ ఫోను ద్వారా వైద్య సలహా దొరుకుతుంది. రోములోని అంతర్జాతీయ రేడియో వైద్య కేంద్రం 1935 నుంచి ఏ దేశపు నావకైనా ఉచితంగా సలహా చెబుతోంది. నావలో ఉన్న ప్రతి మందుకూ ఒక అంకె వేసి, ఆ జాబితా నకలు మీ దగ్గర, తన డాక్టరు దగ్గర ఉంచాలి.

కాగితాలు: రోజూ ఉదయం, సాయంత్రం ముగ్గురి జ్వరం చూసి తేదీతో పుస్తకంలో రాయాలి. నావ నడిచిన దారి యంత్రంలో నమోదై ఉండాలి. రేవు అధికారులు ఆరోగ్య ప్రకటన పత్రంలో గత ముప్ఫై రోజుల్లో ఏ రేవుల్లో ఆగారో, ఎవరికైనా జబ్బు చేసిందో అడుగుతారు. నిజం రాయాలి. దాచిన ఒక్క జ్వరం ఊరినంతా ముంచవచ్చు.

మనసు: దిగడానికి వీల్లేకుండా రేవులో లంగరు వేసుకుని కూర్చోవడం సముద్రంలో సాగడం కంటే కష్టం. నిద్ర చెడుతుంది, కోపాలు పెరుగుతాయి, తాగుడు మొదలవుతుంది. లేవడం, వంట, శుభ్రం, వ్యాయామం, అన్నిటికీ వేళలు పెట్టుకోవాలి. నావికులు రోజూ ఒకే వేళకు రేడియోలో పలకరించుకునే అలవాటు ఉంది. దాన్ని మానకూడదు.

మీరు చేయవలసింది

మీ వంతు కూడా ఉంది. పైన చెప్పిన జంట ఇంట్లోవాళ్ళలా చెడ్డ వార్తలు దాచవద్దు. అలాగని రోజూ ఏడుస్తూ సందేశాలు పంపవద్దు. వారానికి రెండుసార్లు, నిర్ణయించుకున్న వేళకు, పనికివచ్చే వార్త పంపండి. ఎక్కడ ఏ జబ్బు వచ్చింది, లక్షణాలేమిటి, ఏ రేవు తెరిచి ఉంది, ఏం కాగితం అడుగుతున్నారు, ఇంతే. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే అది కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ ఏర్పాట్లన్నీ ఉంటే సంతోషంగా పంపండి. ఇవి లేకుండా బయలుదేరతానంటే మాత్రం తల్లిగా అడ్డుకోండి. ఆ హక్కు మీకుంది.

ప్రశ్న: నా భర్త సరుకుల ఓడలో ఉద్యోగి. 2020లో గడువు దాటినా దించలేదు. అప్పటి నుంచి ఓడ ఎక్కాలంటే ఆయనకు గుండెదడ. ఇది జబ్బా?
- ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: 2020 చివరికి ప్రపంచంలో సుమారు నాలుగు లక్షల మంది నావికులు గడువు తీరినా ఇంటికి చేరలేక ఓడల మీదే ఉన్నారు. మామూలుగా పదకొండు నెలలకు మించి వరసగా పని చేయించకూడదు. కాబట్టి మీ ఆయన ఒక్కరే కారు, అది పిరికితనమూ కాదు. ముందు గుండె, థైరాయిడ్, బి.పి. పరీక్షలు చేయించండి. అవి బాగుంటే మానసిక వైద్యుడికి చూపించండి. భయం వల్ల వచ్చే దడకు మంచి చికిత్స ఉంది. "ఇంతమంది వెళ్తున్నారు, నీకేమిటి" అని ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి.

ప్రశ్న: పనామా వైపు వెళ్ళేవారికి ఎల్లో ఫీవర్ సూది తప్పదంటున్నారు. ప్రతిసారీ వేయించుకోవాలా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఒక్కసారి చాలు. 2016 జూలై నుంచి ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. అయితే సూది వేసుకున్న పది రోజుల తర్వాతే అది అమలులోకి వస్తుంది కాబట్టి ఆఖరి నిమిషం దాకా ఆగవద్దు. ఈ జ్వరం ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల మీదుగా మన దేశానికి తిరిగి వచ్చేవారి దగ్గర ఆ పసుపుపచ్చ పుస్తకం లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. గుడ్డు పడనివారు, అరవై దాటినవారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు డాక్టరుకు ముందుగా చెప్పాలి.

ప్రశ్న: విదేశం నుంచి వచ్చిన మా తమ్ముడికి జ్వరం, దగ్గు. ఇంట్లో ఎనభై ఏళ్ళ నాన్నగారున్నారు. వాణ్ణి లాడ్జిలో ఉంచుదామని మా ఆవిడ అంటోంది.
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: లాడ్జి అక్కరలేదు. కిటికీ ఉన్న వేరే గది ఇవ్వండి. కిటికీ తెరిచి ఉంచండి. గది బయటకు వచ్చినప్పుడు అతనూ, లోపలికి వెళ్ళినప్పుడు మీరూ ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టుకోండి. కంచం, గ్లాసు సబ్బుతో కడిగితే చాలు. డాక్టరుకు చూపించి ఏ జ్వరమో తెలుసుకోండి. ఎన్నాళ్ళు విడిగా ఉండాలన్నది జబ్బును బట్టి మారుతుంది. మాత్ర లేకుండా ఒక రోజంతా జ్వరం రాకుండా ఉండి, దగ్గు తగ్గుముఖం పట్టేదాకా నాన్నగారి దగ్గరకు వెళ్ళకూడదు. ఆయాసం, ఛాతీ నొప్పి, మాట తడబాటు ఉన్నా, వేలికి పెట్టే యంత్రంలో ఆక్సిజన్ 94 కంటే తగ్గినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. భోజనం గుమ్మం దగ్గర పెట్టినప్పుడు రెండు నిమిషాలు నిలబడి మాట్లాడండి.

ఉత్తరం రాసేవారు రోగి వయసు, బరువు, వాడుతున్న మందుల పేర్లు తప్పక రాయండి. అవి లేనిదే సరైన సలహా చెప్పడం కుదరదు.